పదహారేళ్ల పిల్లకు పేగామ్ వస్తే: ఇంట్లో ఎట్లా మాట్లాడాలి, నికాహ్ ఎట్లా ఆపాలి

పదో తరగతి ఫలితాలు వచ్చాకనో, రంజాన్ అయిపోయి షవ్వాల్ నెల మొదలయ్యాకనో, మన నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ, జడ్చర్ల, నారాయణపేట దిక్కు ముస్లిం ఇళ్లల్లో పేగామ్‌లు, అంటే పెళ్లి సంబంధాలు, తిరగడం మొదలవుతుంది. అబ్బాయి సౌదీలో ఉన్నాడు, మంచి ఖాందాన్, జోడే కీ రఖమ్, అంటే కట్నం డబ్బు, కూడా పెద్దగా అడగట్లేదు, ఇంతకన్నా ఏం కావాలి అంటారు. పిల్లకు పదహారు. ఎవరైనా ధైర్యం చేసి ఇంకా చిన్నపిల్ల కదా అంటే వెంటనే ఒక మాట వస్తుంది: "బాలిగ్ అయింది, షరీఅత్‌లో తప్పేం లేదు." బాలిగ్ అంటే ఈడేరింది అని, షరీఅత్ అంటే ఇస్లాం ధర్మశాస్త్రం. అంతే, ఇంట్లో అందరి నోళ్లూ మూతపడతాయి. ఆ మాట దగ్గర ఏం చెప్పాలో తెలియక ఆగిపోయే అక్కలు, ఖాలాలు, చిచ్చాలు, మామూ అని పిలిపించుకునే మేనమామలు, స్కూలు టీచర్ల కోసం ఇది రాస్తున్నాను.

ఇది ముస్లింలకే ఉన్న రోగం కాదు, ముందే చెప్తున్నా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. ఇందులో అన్ని కులాలు, అన్ని మతాలు ఉన్నాయి. కాకపోతే మన ఇళ్లల్లో దీనికి దీన్ పేరు, అంటే మతం పేరు, తగిలిస్తారు కాబట్టి, దీన్ తెలిసి మాట్లాడాల్సి వస్తుంది.

ముందు వయసు తేల్చుకోండి. ఆధార్ మీద ఆధారపడొద్దు, పుట్టిన తేదీకి ఆధార్ సరైన రుజువు కాదని 2024లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. పదో తరగతి మెమో గానీ, స్కూలు ఇచ్చే పుట్టిన తేదీ సర్టిఫికెట్ గానీ మొదట చూస్తారు, అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన బర్త్ సర్టిఫికెట్, ఏదీ లేనప్పుడే ఎముకల పరీక్ష. మెమో దొరికితే ఫోన్లో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. పెళ్లి మాటలు ముదిరాక ఆ కాగితం బీరువాలోంచి కనిపించకుండా పోతుంది.

తర్వాత పిల్లతో మాట్లాడండి, ఒంటరిగా. అమ్మీ పక్కనుంటే ఏం చెప్పదు. మేడ మీద బట్టలు తీసేటప్పుడో, కిరాణా దుకాణానికి పోయేటప్పుడో అడగండి. "నీకు ఇష్టమేనా" అని మాత్రం అడగకండి, "మీ ఇష్టం" అనే జవాబే వస్తుంది, ఆ జవాబు పుట్టినప్పటి నుంచీ నేర్పించిందే. ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలనుకున్నావు? అబ్బాయితో ఒక్కసారన్నా మాట్లాడావా? వద్దంటే ఇంట్లో ఏమవుతుందని భయం? ఇట్లా అడిగితే మనసులో ఉన్నది బయటపడుతుంది. కొందరు పిల్లలు చేసుకుంటాననే అంటారు, ఇంట్లో రోజూ గొడవలు భరించలేకనో, ఒకబ్బాయి మీద మనసు పడో. అట్లాంటప్పుడు సిగ్గుపడేలా మాట్లాడి పంపించేయకండి. ఏం తప్పించుకోవాలని ఈ పెళ్లికి ఒప్పుకుంటున్నదో అది కనుక్కోండి, మీరు సాయం చేయాల్సింది అక్కడే ఉంటుంది.

ఇప్పుడు పెద్దల సంగతి. షరీఅత్ అన్నవాళ్లతో "షరీఅత్ పక్కనపెట్టండి, చట్టం చూడండి" అనకండి. అన్నారా, మీ మాటకు విలువ పోయినట్టే, మీరు దీన్‌కు ఎదురు నిలబడ్డ మనిషి అయిపోతారు. పైగా ఆ అవసరమే లేదు, షరీఅత్‌లోనే చెప్పడానికి చాలా ఉంది.

మొదటి సంగతి, బాలిగ్ అయితే నికాహ్ చెయ్యొచ్చు అన్నది అనుమతి. బాలిగ్ అయింది కాబట్టి చేసి తీరాలని ఏ మజ్హబ్‌లోనూ, అంటే ఏ ఇస్లామీ న్యాయ సంప్రదాయంలోనూ, లేదు. పిల్లకు పద్దెనిమిది వచ్చేదాకా ఆగిన తండ్రికి గునాహ్, అంటే పాపం, రాదు. "గునాహ్‌లో పడితే ఎవరిది బాధ్యత" అంటారు కదా, తనను తాను నిలుపుకోలేనని మనిషికి భయం కలిగితే నికాహ్ వాజిబ్, అంటే తప్పనిసరి, అవుతుందని ధర్మశాస్త్ర పండితులైన ఫుఖహాలు రాశారు నిజమే, కానీ అది ఆ మనిషి తన గురించి తాను చెప్పుకోవాల్సిన మాట, గల్లీలో వాళ్లు ఏమనుకుంటారో అని అబ్బా చెప్పే మాట కాదు. దీన్‌దారీ, నడవడిక నచ్చిన సంబంధం వస్తే చేసేయమన్న హదీసు, అంటే ప్రవక్త మాట, తిర్మిజీ గ్రంథంలో ఉందని కూడా ఎవరో ఒకరు అంటారు. ఉంది. అందులో వయసు మాట లేదు, పిల్లను అడగొద్దన్న మాట అసలే లేదు.

రెండో సంగతి, బాలిగ్ అంటే పదిహేనే అని అందరూ ఒక్కటిగా చెప్పలేదు. ఒంట్లో సూచనలు ముందే కనిపిస్తే అప్పుడే బాలిగ్, కనిపించకపోతే ఏ వయసు లెక్కపెట్టాలి అన్నదాని మీద ఇమామ్ అబూ హనీఫా అమ్మాయికి 17, అబ్బాయికి 18 అన్నారు, ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ ఇద్దరికీ 15 అన్నారు. తర్వాతివాళ్లు పదిహేను పట్టుకున్నారు, మన కోర్టుల్లో నడిచేదీ అదే. ఇక సూరా నిసా ఆరో ఆయత్ చూడండి. యతీమ్, అంటే తండ్రి లేని, పిల్లలు నికాహ్ వయసుకు వచ్చేదాకా వాళ్లను పరీక్షిస్తూ ఉండండి, వాళ్లలో తెలివిడి కనిపిస్తే అప్పుడు వాళ్ల ఆస్తి వాళ్లకు అప్పగించండి అని ఉంది. అంటే ఆస్తి ఇవ్వడానికి ఒళ్లు ఎదిగితే సరిపోదు, మంచీచెడూ చూసుకోగలగాలి. ఇంటి కాగితం మీద సంతకం పెట్టడానికి పనికిరాదనుకునే పిల్లతో, అదే సూరా ఇరవయ్యొకటో ఆయత్‌లో గట్టి ఒప్పందమని ఖురాన్ చెప్పిన నికాహ్‌కు మాత్రం ఎట్లా ఊ అనిపిస్తారు? మామూను ఈ ప్రశ్న అడగండి, మెల్లగా అడగండి.

అవతలి పక్షం కూడా తెలిసి ఉండాలి, లేకపోతే చదువుకున్న మౌల్వీ సాబ్ ముందు నిలబడలేరు. సూరా తలాఖ్ నాలుగో ఆయత్‌లో ఇంకా నెలసరి రానివాళ్ల ఇద్దత్, అంటే విడాకుల తర్వాత ఆగాల్సిన గడువు, మాట ఉంది, దాన్ని పట్టుకునే పాత ఫుఖహాల్లో ఎక్కువమంది చిన్నపిల్లల నికాహ్ తండ్రి చేయొచ్చన్నారు. కానీ అప్పట్లోనే ఇబ్న్ షుబ్రుమా అనే ఖాజీ ఒప్పుకోలేదు, పిల్లలు బాలిగ్ అయ్యేదాకా ఎవరూ నికాహ్ చేయకూడదన్నారు. 1917లో తుర్కీలోని ఉస్మానీ ఖిలాఫత్ కుటుంబ చట్టం తెచ్చినప్పుడు ఆ అభిప్రాయాన్నే ముందుపెట్టి, పెళ్లి వయసు అమ్మాయికి 17, అబ్బాయికి 18 అని రాసింది. మొరాకోలో 2004 నుంచి 18, ఇండోనేషియాలో 2019 నుంచి ఇద్దరికీ 19. పాకిస్తాన్ ఫెడరల్ షరీఅత్ కోర్టు 2021లో, ప్రభుత్వం పెళ్లికి కనీస వయసు పెట్టడం ఇస్లాంకు విరుద్ధం కాదని తేల్చింది. ఇవన్నీ ముస్లింలు, ముస్లింల కోసం చేసుకున్న చట్టాలు. "ఇదంతా మనమీద కుట్ర" అనే చిచ్చాకు ఇది చెప్పండి.

అన్నిటికన్నా గట్టిది మూడోది, ఇష్టం సంగతి. బుఖారీ హదీసు గ్రంథంలోనే ఉంది, పెళ్లయి ఒంటరిగా ఉన్న స్త్రీని సంప్రదించకుండా, పెళ్లికాని అమ్మాయిని ఆమె ఇజాజత్, అంటే అనుమతి, లేకుండా నికాహ్ చేయొద్దని. ఖన్సా బిన్త్ ఖిదామ్‌కు ఆమె తండ్రి ఇష్టం లేని నికాహ్ చేస్తే, ఆమె వచ్చి చెప్పుకుంటే, ప్రవక్త, సల్లల్లాహు అలైహి వసల్లం, ఆ నికాహ్‌ను రద్దు చేశారు. నసాయీలో ఇంకో అమ్మాయి సంగతి ఉంది. తండ్రి తన పరువు పెంచుకోవడానికి అన్న కొడుక్కు ఇచ్చాడని వచ్చి చెప్పుకుంది. ప్రవక్త ఆ అమ్మాయి తండ్రిని పిలిపించి, నిర్ణయం ఆమె చేతికే ఇచ్చారు. అప్పుడామె అన్నది, అబ్బా చేసినదానికి నేను ఒప్పుకుంటున్నాను, కానీ ఈ విషయంలో తండ్రులకు హక్కు లేదని ఆడవాళ్లకు తెలియాలని అడిగాను అని. నన్నడిగితే ఈ ఒక్క హదీసు ప్రతి ఇంట్లో ఆడపిల్లలకు చెప్పాలి, అబ్బాలు వింటుండగా చెప్పాలి.

ఇక్కడ మన ఇళ్లల్లో నడిచే హనఫీ మజ్హబ్ మీకు పెద్ద అండ. షాఫయీ, మాలికీ, హంబలీల్లో పెళ్లికాని కూతురి విషయంలో తండ్రికి బలవంతపు అధికారం ఉందనే అభిప్రాయం ఎక్కువగా నడిచింది. హనఫీలో బాలిగ్ అయిన అమ్మాయి మీద ఆ అధికారం ఎవరికీ లేదు, తండ్రికి కూడా. కాబట్టి "బాలిగ్ అయింది" అనగానే మీరు చెప్పాల్సింది ఇది: "అయింది అని మీరే అంటున్నారు కదా మామూ, అయితే ఆమె ఊ అననిదే నికాహ్ లేదు. పిల్లను కూర్చోబెట్టి అడిగారా? వద్దంటే ఆపేస్తారా?" చాలా ఇళ్లల్లో ఈ ప్రశ్నకు జవాబు ఉండదు. ఒకే మాటను పెళ్లి చేయడానికి వాడుకుని, పిల్ల నోరు విప్పడానికి మాత్రం వాడుకోనివ్వకపోవడం ఏ మజ్హబ్ కూడా కాదు.

ఇజాజత్ మన దగ్గర ఎట్లా జరుగుతుందో అందరికీ తెలుసు. ఫంక్షన్ హాల్లో బయట షామియానా కింద అబ్బాయి కూర్చుని ఉంటాడు, లోపల ఆడవాళ్ల గదిలోకి పిల్ల ఒప్పుకోలు అడిగే వకీల్ (లాయరు కాదు), ఇద్దరు గవాహ్‌లు, అంటే సాక్షులు, రిజిస్టర్ పట్టుకుని వస్తారు. పిల్ల మొహం మీద ఎర్ర దుపట్టా, చుట్టూ పదిమంది ఆడవాళ్లు, ఏసీ శబ్దం, చిన్నపిల్లల ఏడుపు. ఫలానా వాళ్లబ్బాయితో, ఇంత మెహర్‌తో, ఒప్పుకుంటున్నావా అని మూడుసార్లు అడుగుతారు. ఆమె ఏం అంటుందో వకీల్‌కు వినపడదు, పక్కనున్న ఫూఫీ తల మీద చెయ్యేసి ముందుకు వంచుతుంది, "హా అంది, హా అంది" అని వెనక నుంచి ఎవరో అంటారు, వేలు పట్టుకుని సంతకం చేయిస్తారు. ఆ నిమిషంలో ఏ పిల్ల వద్దనగలదు? బిర్యానీ దేగ్‌లు దించేశారు, మూడొందల మంది వచ్చి కూర్చున్నారు. కాబట్టి ఇజాజత్ పేగామ్ వచ్చిన రోజే అడగాలి, మంగ్నీ, అంటే నిశ్చితార్థం, కన్నా ముందు, ఎవరికీ మాట ఇవ్వకముందు. మౌనమే అంగీకారం అన్న హదీసును అడ్డం పెట్టుకుంటారు. అది సిగ్గుపడే అమ్మాయికి ఇచ్చిన సౌకర్యం, భయపడే అమ్మాయికి వేసిన ఉచ్చు కాదు. గొంతెత్తి ఏడిస్తే అది ఒప్పుకోలు కాదని హనఫీ కితాబుల్లోనే చర్చ ఉంది.

ఒక చేదు సంగతి కూడా తెలిసి ఉండాలి. బెదిరించి అనిపించిన ఖబూల్, అంటే ఒప్పుకున్నానన్న మాట, కూడా చెల్లుతుందని పాత హనఫీ కితాబుల్లో ఉంది, మిగతా మజ్హబ్‌లు చెల్లదంటాయి. నికాహ్ అయ్యాక షరీఅత్ పేరు మీద వాదించి బయటపడడం ఎందుకు కష్టమో అర్థమైంది కదా. ఆ మాట నోట్లోంచి రాకముందే ఆపాలి.

హజ్రత్ ఆయిషా నికాహ్ వయసు గురించి ఎవరో ఒకరు ఎత్తుతారు. బుఖారీలో నికాహ్‌కు ఆరు, కాపురానికి తొమ్మిది అని ఉంది, ఆధునిక కాలంలో కొందరు ఆలిమ్‌లు, అంటే మత పండితులు, ఆమె అక్క అస్మా వయసు లెక్కలు పెట్టి అది ఎక్కువే అయ్యుంటుందన్నారు, చాలామంది ఆలిమ్‌లు దాన్ని ఒప్పుకోరు. ఆ చర్చ మీరు తీర్చలేరు, తీర్చాల్సిన చోటు పెళ్లిమాటలు కాదు. ఆ మాట రాగానే గొంతులు లేస్తాయి, పిల్ల సంగతి పక్కకు పోతుంది. "ఆ విషయం ఆలిమ్‌లు చూసుకుంటారు, మన పిల్లను అడిగారా లేదా చెప్పండి" అని మళ్లీ పిల్ల దగ్గరికే రండి. టీచరమ్మ హిందువు అయితే ఈ హదీసులేవీ తాను చెప్పకపోవడమే మేలు, ఎంత మంచిగా చెప్పినా తప్పుగానే వినిపిస్తుంది. చదువు, మార్కులు, స్కాలర్‌షిప్ మాట్లాడండి, మైనారిటీ గురుకులాల్లో ఇంటర్ వరకు హాస్టల్‌తో సహా ఖర్చు లేకుండా చదువుకోవచ్చని చెప్పండి. దీన్ మాట ఇమామ్ సాబ్ చెప్తారు.

ఆయన దగ్గరికి వెళ్లేటప్పుడు ఫిర్యాదు పట్టుకుని వెళ్లకండి. మసలా, అంటే దీన్ సందేహం, అడగండి: "బాలిగ్ అయిన అమ్మాయిని అడగకుండా నికాహ్ చేయొచ్చా, హజ్రత్?" చేయకూడదనే చెప్తారు. అదే మాట శుక్రవారం జుమ్మా బయాన్‌లో, అంటే ప్రసంగంలో, రెండు నిమిషాలు చెప్పమని అడగండి, ఎవరి పేరూ అక్కర్లేదు. ఇంట్లో అయితే దాదీ లేదా నానీతో మొదలుపెట్టండి. పన్నెండు పదమూడేళ్లకు పెళ్లయి, మొదటి కాన్పు ఎట్లా జరిగిందో వాళ్లకు గుర్తుంటుంది. ఆమె ఒక్కసారి "ఆగండి" అంటే కొడుకులు వింటారు.

డబ్బు మాట కూడా వస్తుంది, పిల్ల పెద్దదైతే జోడే కీ రఖమ్ పెరుగుతుందని. ఆడపిల్ల పెళ్లికి ప్రభుత్వం డబ్బిచ్చే షాదీ ముబారక్ పథకం గుర్తుచేయండి. 2014 అక్టోబర్ 2న మొదలైనప్పుడు 51,000 ఇచ్చేవాళ్లు, 2018 నుంచి 1,00,116 రూపాయలు. నికాహ్ రోజుకు పిల్లకు పద్దెనిమిది నిండి ఉంటేనే వస్తుంది. రెండేళ్లు ముందు చేస్తే ఆ లక్ష పోయినట్టే.

ఇక వాట్సాప్‌లో తిరిగే "ముస్లిం అమ్మాయి పదిహేనుకే చేసుకోవచ్చు, హైకోర్టు తీర్పు" సంగతి. 2022లో పంజాబ్ హరియాణా హైకోర్టు అన్న మాట అది. ఆ కేసులో పదహారేళ్ల అమ్మాయి, ఇరవయ్యొక్కేళ్ల అబ్బాయి, ఇంట్లోవాళ్ల నుంచి ప్రాణరక్షణ కావాలని కోర్టుకు వెళ్లారు. అంటే పెద్దలను కాదని ఆమె తనే ఎంచుకున్న నికాహ్, పెద్దలు కుదిర్చి వంచినది కాదు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు, బాలల హక్కుల జాతీయ కమిషన్‌కు ఆ తీర్పును సవాలు చేసే అర్హత లేదని పిటిషన్ కొట్టేసింది, వయసు ప్రశ్నను తేల్చలేదు. అటుపక్క కేరళ హైకోర్టు 2024లో, 2006 బాల్యవివాహ నిషేధ చట్టం మతంతో సంబంధం లేకుండా పౌరులందరికీ వర్తిస్తుందని చెప్పింది. నికాహ్ చెల్లుతుందా లేదా అన్నదాని మీద కోర్టుల మధ్య తేడా ఉందన్నది నిజం. జైలు భయం లేదని మాత్రం అనుకోవద్దు. 2017 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు, భార్య అయినా పద్దెనిమిదిలోపు అయితే ఆమెతో శారీరక సంబంధం అత్యాచారమే అని తేల్చింది, 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే రాసి ఉంది. పిల్లల మీద లైంగిక నేరాల చట్టం పోక్సో కింద కేసు పడితే కనీస శిక్షే 10 ఏళ్లు. 2006 చట్టం కింద పెళ్లికొడుకు, పెళ్లి చేసిన తల్లిదండ్రులు, చదివించిన ఖాజీ అందరికీ రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా పడొచ్చు, తల్లికి మాత్రం జైలు ఉండదు. ఇది బెదిరింపులా కాకుండా అబ్బాయి తరఫువాళ్లకు నెమ్మదిగా తెలియజేయండి. సౌదీలో పనిచేసే అబ్బాయి ఇంట్లోవాళ్లు కేసు అన్న మాట వినగానే వాళ్లే వెనక్కి తగ్గడం చూశాను.

ఖాజీ సాబ్‌ను, ఊళ్లో ఉంటే నాయబ్ ఖాజీని కూడా ముందే కలవండి, మెమో ఫోటో చూపించండి. సియాహానామాలో, అంటే నికాహ్ నమోదు పత్రంలో, వయసు రాసేది వాళ్లే కాబట్టి తెలిసి తెలిసి చేయడానికి జంకుతారు.

ఇంత చేసినా తారీఖు పడిందంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. పేరు చెప్పకపోయినా తీసుకుంటారు. పెళ్లిరోజు దాకా ఆగకండి, తారీఖు తెలిసిన రోజే చేయండి. పిల్ల పేరు, స్కూలు, ఊరు, మండలం, ఫంక్షన్ హాల్, తారీఖు, మెమోలో పుట్టిన తేదీ చెప్పండి. స్త్రీ శిశు సంక్షేమ శాఖ ఐసీడీఎస్ వాళ్లు, పోలీసులు ఇంటికి వస్తారు, తల్లిదండ్రులతో రాయించుకుంటారు, అవసరమైతే పిల్లను బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకెళ్తారు. రాయించుకున్నారు కదా అని ఊరుకోకండి, వారం పోయాక రాయచూరు దిక్కు చుట్టాలింట్లో గుట్టుగా చేసేసే ప్రమాదం ఉంటుంది. మెజిస్ట్రేట్ దగ్గర పెళ్లి ఆపే ఆర్డర్, అంటే ఇంజంక్షన్, తీసుకోమని ఐసీడీఎస్ అధికారి సీడీపీఓను గట్టిగా అడగండి. ఆ ఆర్డర్ ఉండగా చేసిన పెళ్లి చట్టం ముందు మొదటి నుంచీ చెల్లదు. పిల్ల మళ్లీ స్కూలుకో కాలేజీకో పోతున్నదా లేదా మీరే కనిపెట్టుకుని ఉండాలి.

నికాహ్ ఇప్పటికే అయిపోయి ఉంటే దారులు మూసుకుపోలేదు. 2006 చట్టం ప్రకారం ఆ పెళ్లిని రద్దు చేయమని అమ్మాయి జిల్లా కోర్టులో అడగొచ్చు, పద్దెనిమిది నిండాక రెండేళ్లలోపు వేయాలి, అంటే ఇరవై నిండేలోపు. మైనర్‌గా ఉండగానే అయితే పెద్దవాళ్లు ఒకరు, బాల్యవివాహ నిషేధ అధికారితో కలిసి వేయాలి. పిల్లలు పుట్టి ఉన్నా వాళ్లు చట్టబద్ధ సంతానమే, ఆమెకు భరణం కూడా అడగొచ్చు. పదిహేనుకు ముందే చేసి, కాపురం మొదలుకాకుండా ఉంటే, 1939 ముస్లిం వివాహాల రద్దు చట్టం కింద పద్దెనిమిది నిండకముందే ఆ నికాహ్‌ను తిరస్కరించే హక్కు ఉంది, ఇది ఫిఖ్‌లో, అంటే ఇస్లాం న్యాయశాస్త్రంలో, ఉన్న ఖియారుల్ బులూగ్ (బాలిగ్ అయ్యాక నికాహ్ కాదనే హక్కు) నుంచి వచ్చిందే. ఇవేవీ కుదరని వాళ్లకు ఖులా, అంటే భార్య కోరే విడాకులు, ఉంది, దానికి భర్త ఒప్పుకోవాల్సిన పనిలేదని 2025 జూన్‌లో మన తెలంగాణ హైకోర్టే చెప్పింది. లాయరుకు డబ్బుల్లేవని ఆగకండి, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, 15100కి ఫోన్ చేసినా చాలు. జిల్లా కేంద్రంలో ఆపదలో ఉన్న ఆడవాళ్లకు సాయం చేసే సఖి సెంటర్ ఉంది, రాత్రి ఉండాల్సి వస్తే అక్కడ ఉండొచ్చు. వెళ్లేటప్పుడు సియాహానామా నకలు, పదో తరగతి మెమో, నికాహ్ ఫోటో ఒకటి తీసుకెళ్లండి. ఇంట్లో రాజీ మాటలు నడుస్తున్నా సరే లాయరును ఈలోపే కలవండి, ఎందుకంటే ఆ మాటలు నెలల తరబడి సాగుతాయి, ఇరవయ్యో పుట్టినరోజు వాటికోసం ఆగదు.